అమృతం చదివిన పదకొండో పేజీ

అమృతం యూనివర్సిటీలో అడుగుపెట్టిన మొదటిరోజే ఆమెను బయటికి పంపబోయారు.

మెల్‌బోర్న్‌లో ఫిబ్రవరి నెల, మండే ఎండ. కొత్త విద్యార్థుల కోసం వేసిన టెంటు దగ్గర పసుపుపచ్చ టీషర్టు తొడుక్కున్న అమ్మాయి ఒకతె నవ్వుతూ ఎదురొచ్చి, "పేరెంట్స్ కూర్చునేది పక్క హాల్లో అండీ, అక్కడ కాఫీ కూడా ఇస్తున్నారు," అని ఇంగ్లీషులో చెప్పింది. అమృతం వెనక్కి తిరిగి చూసింది. కారు పార్కు చేసి కూతురు ఎవా అప్పుడే అటు నడిచి వస్తోంది.

"స్టూడెంట్‌ని నేనేనమ్మా. అదుగో, ఆ వచ్చే పిల్ల నా డ్రైవరు," అంది అమృతం.

పసుపు టీషర్టు అమ్మాయి ముఖం ఎర్రబడింది. సారీ మీద సారీ చెప్పి, చేతిసంచీ ఒకటి, పెన్ను ఒకటి ఎక్కువే ఇచ్చింది. అమృతం రెండూ పుచ్చుకుంది.

అప్పటికి ఆమెకు నలభై అయిదేళ్ళు. నరసరావుపేట కాలేజీలో బీకాం రెండో ఏడు చదువుతుండగా పెళ్ళయింది. పరీక్షలకి కట్టిన ఫీజు అట్లాగే పోయింది. భర్త శౌరయ్య వంట కోర్సు వీసా మీద మెల్‌బోర్న్ వచ్చి, వంట ఉద్యోగం ఒక్కరోజూ చేయకుండానే బస్సు డ్రైవరయ్యాడు. ఆ నగర శివార్లలోని వెర్రిబీలో కాపురం పెట్టారు. ఎవా బడికి వెళ్ళే వయసు రాగానే అమృతం ఊరికి దక్షిణాన సముద్రం వైపున్న కూరగాయల పొలాల్లో, ఫ్రాంక్ అనే రైతు ప్యాకింగ్ షెడ్డులో పనికి కుదిరింది. పన్నెండేళ్ళపాటు కాలీఫ్లవర్ పూలు ఏరి, ఆకులు కోసి, ట్రేలలో సర్దింది. పువ్వు చేతిలోకి తీసుకుంటే చాలు, అది ఏ రకమో, సూపర్ మార్కెట్ వాళ్ళు ఉంచుకుంటారో తిప్పి పంపుతారో చెప్పగలదు.

ఎవా నర్సింగులో చేరిన ఏడాది, ఒకనాటి భోజనాల దగ్గర అమృతం ఉన్నట్టుండి చెప్పింది. "నేను కూడా చదువుకుంటా."

"ఇప్పుడెందుకే?" అన్నాడు శౌరయ్య.

"అప్పుడు కుదర్లా. అందుకే ఇప్పుడు."

మర్నాడు శౌరయ్య డ్యూటీ దిగి వస్తూ పుస్తకాల సంచీ ఒకటి కొనుక్కొచ్చాడు. బళ్ళు తెరిచే రోజుల సేల్‌లో సగం ధరకి దొరికిందట. దాని మీద ఆకుపచ్చ డైనోసార్ బొమ్మ ఉంది. "జిప్పు గట్టిది, చూసుకో," అన్నాడు గర్వంగా. అమృతం ఆ సంచీ తగిలించుకునే వారానికి రెండు రోజులు యూనికి, మిగతా రోజులు షెడ్డుకి వెళ్ళింది. ఆమె తీసుకున్నది ప్రభుత్వ విధానాల కోర్సు. ప్రభుత్వం డబ్బు ఎక్కడినుంచి తెస్తుంది, ఎవరికిస్తుంది, ఎందుకిస్తుంది అన్నవి చిన్నప్పటినుంచీ ఆమెకి తీరని సందేహాలు. వాటికి సమాధానం చెప్పే కోర్సు ఒకటుందని తెలిసినప్పుడు, ఇది నాకోసమే పెట్టారేమో అనుకుంది.

మొదటి సెమిస్టరులో హెలెన్ అనే లెక్చరర్ ఒక అసైన్‌మెంట్ ఇచ్చింది. మీ ప్రాంతంలో ప్రభుత్వం డబ్బిచ్చిన పథకం ఒకటి తీసుకోండి, ఆ డబ్బు ఎవరికి చేరిందో కనుక్కోండి, రాయండి. క్లాసులో పిల్లలంతా ఫుట్‌బాల్ స్టేడియాలూ రైలు స్టేషన్లూ ఎంచుకున్నారు. అమృతం నీటి పొదుపు గ్రాంటు ఎంచుకుంది. కూరగాయలు పండించేవాళ్ళు కొత్త పంపులూ డ్రిప్పు పైపులూ నీళ్ళ ట్యాంకులూ పెట్టుకుంటే ప్రభుత్వం సగం ఖర్చు భరించే సబ్సిడీ అది. కిందటేడు ఫ్రాంక్ పొలంలో కొత్త పంపు దిగినప్పుడు షెడ్డంతా దాని గురించే మాట్లాడుకుంది.

వెబ్‌సైటు తెరిస్తే, నలభై ఒక్క పొలాలకి మేలు జరిగిందని ఒక వాక్యం, లెట్యూస్ మడి ముందు నవ్వుతున్న ఒక మనిషి ఫోటో కనిపించాయి. ఆ నలభై ఒక్కరు ఎవరో ఎక్కడా లేదు.

"పేర్లు లేవు మేడం," అని హెలెన్‌తో చెప్పింది.

"అయితే అడుగు," అంది హెలెన్. "ప్రజల డబ్బు కదా, అడిగే హక్కు నీకుంది. దానికో ఫారం ఉంటుంది. ఇంకో సంగతి, నన్ను మేడం అని పిలవక్కర్లేదు."

"సరే మేడం," అంది అమృతం.

ఆ ఫారం నింపడానికి ఒక ఆదివారం పట్టింది. పక్కన కూర్చున్న ఎవా టోస్ట్ నములుతూ, "మమ్, దే వోంట్ రిప్లై," అని పెదవి విరిచింది. తల్లి తెలుగులో ఏమడిగినా ఆ పిల్ల జవాబు ఇంగ్లీషులోనే.

అయిదో వారంలో జవాబు వచ్చింది. షెడ్డులో టీ వేళ ఫోన్‌లో చూసుకుంది. రెండు పేజీల జాబితా. మనుషుల పేర్లూ చిరునామాలూ నల్లగా కొట్టేశారు గాని పొలాల పేర్లు, ఒక్కోదానికీ ఎంత ఇచ్చిందీ వరసగా ఉన్నాయి. అందరికంటే ఎక్కువ అందుకున్న పొలం పేరు మొట్టమొదట ఉంది. అది ఫ్రాంక్‌ది.

పన్నెండేళ్ళుగా అన్నం పెడుతున్న మనిషి. ఆయనకి తెలియకుండా ఆయన డబ్బు సంగతి ప్రభుత్వాన్ని అడిగినట్టయింది. దాచిపెట్టి అసైన్‌మెంట్ రాసేయొచ్చు. కాని ఆమెకి మనసొప్పలేదు. టీ కప్పు అక్కడే పెట్టి తిన్నగా ఫ్రాంక్ ఆఫీసు గదిలోకి వెళ్ళి ఫోన్ ఆయన ముందు పెట్టింది.

"ఇది నేనే అడిగి తెప్పించాను, ఫ్రాంక్. యూని పని. మీ పేరే అన్నిటికంటే పైనుంటుందని అనుకోలేదు. మీకు ఇష్టం లేకపోతే..."

ఫ్రాంక్ కళ్ళజోడు పైకి తోసుకుని ఆ జాబితా కిందిదాకా చూశాడు. ఉన్నట్టుండి గది అదిరేలా నవ్వాడు. "నేను ఫస్టా? స్కూల్లో ఒక్కసారి కూడా ఫస్ట్ రాలేదు!" అన్నాడు. "ఇందులో దాచేదేముంది? ఆ పంపు గురించి నేను చెప్పని మనిషి ఈ ఊళ్ళో లేడు. ఇదిగో, ప్రింటర్ అక్కడుంది."

ఆయనే జాబితా ప్రింటు తీసి, షెడ్డులో అందరూ పాలు పెట్టుకునే ఫ్రిజ్ తలుపుకి అంటించాడు.

అప్పటినుంచి ఆ ఫ్రిజ్ దగ్గర మూగే జనం రోజురోజుకీ ఎక్కువయ్యారు. చుట్టుపక్కల పొలాల వాళ్ళు ట్రేల కోసమో ఫోర్క్‌లిఫ్ట్ కోసమో ఫ్రాంక్ షెడ్డుకి రావడం మామూలే. వచ్చినవాళ్ళు పాలు తీసుకోబోయి ఆగి చదివేవాళ్ళు. మొదట తెలిసిన పేర్లు చూసి నవ్వుకునేవాళ్ళు. ఆ తర్వాత, "పంపు సంగతి తెలుసు గాని, దానికి ప్రభుత్వం డబ్బిస్తుందా? నాకెవరూ చెప్పలేదే!" అనేవాళ్ళు. ఆ మాట ఒకరి తర్వాత ఒకరు అంటుంటే అమృతం నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి ఇరవై రెండు పేర్లయ్యాయి. జాబితాలో ఎవరున్నారా అని వెతకబోతే, ఎవరు లేరో తెలిసొచ్చింది.

అలా వచ్చినవాళ్ళలో సుబ్బరాజు ఒకడు. భీమవరం దగ్గరివాడు. ఐటీ ఉద్యోగం మానేసి, ఒక ముసలి రైతు దగ్గర ఆరెకరాలు లీజుకి తీసుకుని, పాలీహౌసుల్లో గోంగూర, తోటకూర, బెండకాయలు పండించి వెర్రిబీలోని ఇండియన్ షాపులకి వేస్తాడు. ఫ్రాంక్ పారేసే పాత ట్రేల కోసం వచ్చి ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు.

"మీరు అప్లై చెయ్యలేదా సుబ్బరాజు గారూ?" అని అడిగింది అమృతం.

"భలేవోరండి! అయ్యన్నీ ఓనర్లకండి. మనం లీజువోళ్ళం కదండీ, మనకెవడిస్తాడు? డ్రిప్పు పైపులు సగం దాకా నా డబ్బుల్తోనే వేసుకున్నానండి. మిగతా సగం బకెట్టే. ఆయ్."

నవ్వుతూనే అన్నాడు. అమృతానికి మాత్రం నవ్వు రాలేదు. తండ్రి ఇన్నయ్య కళ్ళముందు మెదిలాడు.

ఇన్నయ్య కౌలు రైతు. మూడెకరాల మిరపచేను, ఎవరిదో పట్టా. ఓ ఏడు తుఫానుకి చేనంతా కుళ్ళిపోతే నష్టపరిహారం జాబితా పంచాయతీ ఆఫీసు గోడకి అంటించారు. ఆయనకి చదువు రాదు. పదేళ్ళ అమృతాన్ని వెంటబెట్టుకెళ్ళి చదివించుకున్నాడు. పట్టా ఎవరి పేర ఉంటే పరిహారం వాళ్ళ పేర వచ్చింది. "మన పేరు లేదు నాన్నా," అంటే, "ఇంకోసారి చదువమ్మా," అన్నాడు. మూడుసార్లు చదివించుకుని, దారిలో ఆమెకి జీళ్ళు కొనిపెట్టి ఇంటికి తీసుకొచ్చాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

ఆ సాయంత్రం అమృతం వంట శౌరయ్యకి అప్పగించి, గ్రాంటు నిబంధనల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ముప్ఫై నాలుగు పేజీలు. ఇంగ్లీషులో ఉన్న మాట నిజమే గాని, ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి కూడా అర్థంకాని ఇంగ్లీషు అది. పెన్సిలుతో గీతలు గీసుకుంటూ, తెలియని మాటల్ని ఎవాని అడుగుతూ చదివింది. పదకొండో పేజీ మధ్యలో, చిన్న అక్షరాల్లో ఒక వాక్యం దొరికింది. భూమి యజమాని నుంచి అంగీకార పత్రం తెచ్చుకుంటే లీజుదారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

ఒకసారి చదివింది. వేలు పెట్టి మళ్ళీ చదివింది. ఎవాతో బిగ్గరగా చదివించింది. ఆ పిల్ల చదివి, తల్లి ముఖం చూసి, "మమ్, ఆర్ యు క్రయింగ్?" అంది.

"లేదే. ఉల్లిపాయలు," అంది అమృతం. ఉల్లిపాయలు కోస్తున్నది శౌరయ్య.

మర్నాడు పొద్దున్నే సుబ్బరాజుకి ఫోన్ చేసి ఆ వాక్యం తెలుగులో చెప్పింది.

"పదకొండో పేజీయా అండి?" అన్నాడు సుబ్బరాజు. "అంతదాకా ఎవడు చదువుతాడండి బాబూ!"

"నేను చదివా కదా! ఆగస్టులో మళ్ళీ తెరుస్తున్నారంట. ఓనర్ దగ్గర కాగితం మీద సంతకం తెచ్చుకోండి. తక్కింది నేను చూసుకుంటా."

అంతా ఇంత సాఫీగా జరుగుతుంటే ఒక మధ్యాహ్నం మారియా వచ్చింది. డెబ్బై దాటిన ఇటాలియన్ ఆవిడ. భర్త పోయాక ఒంటి చేత్తో బ్రాకలీ సాగు నడుపుతోంది. ఆమె పొలం పేరులోనే ఆమె పేరు ఉంది. ఆ పేరు జాబితాలో ఉంది.

"నా పేరు నీ ఫ్రిజ్ మీదా?" అని ఫ్రాంక్ మీదికి వెళ్ళింది. "మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. ఇప్పుడు ఊరంతా నన్ను చూసి ఏమనుకుంటుంది? ధర్మం పుచ్చుకున్నాననుకోదా?"

ఫ్రాంక్ ఏదో వాదించబోయాడు. అమృతం ఆయన్ని ఆపి, ఫ్రిజ్ మీది కాగితం తనే తీసేసింది. "తప్పు నాది, మారియా. మిమ్మల్ని ముందే అడగాల్సింది," అంది. మారియా విసవిసా వెళ్ళిపోయింది.

ఆ రోజంతా అమృతానికి పని మీద మనసు నిలవలేదు. డబ్బు ప్రజలదే, పేరు తెలియాల్సిందే. కాని ఆ పేరు వెనక ఒక మనిషి కూడా ఉంది. ఆ రెండింటికీ ఎలా పొత్తు కుదుర్చాలో హెలెన్ చెప్పిన ఏ పుస్తకంలోనూ ఆమెకి కనబడలేదు. మర్నాడు ఇంట్లో చేసిన కజ్జికాయలు డబ్బాలో పెట్టుకుని మారియా ఇంటికి వెళ్ళింది.

మారియా తలుపు తెరిచి డబ్బా వంక చూసింది, అమృతం వంక చూసింది, లోపలికి రమ్మంది. కాఫీ పెట్టింది. రెండో కజ్జికాయ తింటూ, "రా, చూపిస్తాను," అని పెరట్లోకి తీసుకెళ్ళింది. షెడ్డు కప్పు మీద పడే ప్రతి వానచుక్కా చేరేలా కట్టిన పెద్ద ట్యాంకు. దానికో చిన్న పంపు. పొలానికి కొనాల్సిన నీళ్ళు సగానికి తగ్గాయట. ఏ కవాటం ఎటు తిప్పాలో, ఏ పైపు ఎక్కడ తిరిగిందో మారియా అరగంట వివరించింది. చెబుతున్నంతసేపూ ఆమె కళ్ళు మెరుస్తూనే ఉన్నాయి.

"మారియా, దీన్ని చూడాలనుకునేవాళ్ళు నా నోటుబుక్కులో ఇరవై రెండు మంది ఉన్నారు," అంది అమృతం. "ఇలాంటిది దొరుకుతుందని కూడా వాళ్ళకి తెలీదు. మీ పేరు చూశాకే తెలిసింది."

మారియా కాసేపు ట్యాంకు మీద చెయ్యి వేసి నిలబడింది. "శనివారం రమ్మను," అంది. "చెప్పులతో వస్తే లోపలికి రానివ్వను. బూట్లు వేసుకురమ్మను. ఇంకోటి, ఆ కాగితం మళ్ళీ అంటించు. నా పేరు కింద ఫోన్ నంబరు రాయి."

ఆ శనివారం పద్దెనిమిది మంది బూట్లు వేసుకుని వచ్చారు.

అసైన్‌మెంట్‌కి అమృతం 'పదకొండో పేజీ' అని పేరు పెట్టింది. దొంగల్ని పట్టుకోవడానికే పేర్లు బయటపెట్టాలని అందరూ అంటారు, కాని రావలసింది రానివాళ్ళకి ఆ సంగతి తెలియాలన్నా పేర్లు బయటుండాలి అని రాసింది. బయటపెట్టేముందు ఆ మనిషికి ఒక మాట చెప్పడం మర్యాద అని కూడా రాసింది. ఇంగ్లీషు తప్పులు ఎవా దిద్దింది. హెలెన్ ఎక్కువ మార్కులే వేసి, కింద ఒక వాక్యం రాసింది. 'దీన్ని ఆ శాఖకి పంపనా?'

పంపింది. మూడు వారాల తర్వాత ఆ శాఖ నుంచి ఒక ఆఫీసరమ్మ ఫోన్ చేసినప్పుడు అమృతం కాలీఫ్లవర్ ట్రేల మధ్య ఉంది. ఒక చేత్తో చెవి మూసుకుని మాట్లాడింది. వచ్చే దఫా లీజుదారుల నిబంధన మొదటి పేజీకి తెస్తామని, గ్రాంటు వచ్చిన పొలాల పేర్లు వెబ్‌సైటులో పెడతామని, ఆ సంగతి దరఖాస్తులోనే ముందుగా చెబుతామని ఆవిడ అంది. ఫోన్ పెట్టేశాక విషయమేమిటో ఫ్రాంక్‌కి చెబితే, షెడ్డులో మెషీన్లన్నీ ఆపించి అందరికీ అరిచి చెప్పాడు.

ఆగస్టు చివరి ఆదివారం, వాళ్ళు వెళ్ళే కేథలిక్ చర్చిలో తెలుగు పూజ అయ్యాక, అక్కడి హాలులో దరఖాస్తులు నింపే కార్యక్రమం పెట్టారు. తెలుగువాళ్ళే కాదు, వియత్నాం వాళ్ళు, పంజాబీలు, ఇద్దరు మాల్టా ముసలాయనలు కూడా వచ్చారు. ఎవా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని టైపు చేసింది. సుబ్బరాజు తన వివరాలు గోదావరి తెలుగులో చెబుతుంటే ఆ పిల్లకి సగం అర్థం కాలేదు.

"ఎకరాకి ఎన్ని వరసలేసేరంటే, ఆయ్, లెక్కెట్టలేదండి."

"అంకుల్, ఐ నీడ్ అ నంబర్!"

"నువ్వే ఒకటెయ్యమ్మా."

"నో! దట్స్ ఫ్రాడ్!" అని ఎవా అరిచేసరికి హాలంతా నవ్వింది. ఆఖరికి సుబ్బరాజు తన పొలంలో పనిచేసే మనిషికి ఫోన్ చేసి వరసలు లెక్కపెట్టించాడు. బయట శౌరయ్య పెద్ద గిన్నెలో చికెన్ పలావు వండాడు. ఇన్నేళ్ళకి తన వంట కోర్సు పనికొచ్చిందని వడ్డించిన ప్రతివాడికీ చెప్పాడు. సాయంత్రానికి పందొమ్మిది దరఖాస్తులు తయారయ్యాయి.

నవంబరులో ఫలితాలు వచ్చిన రోజు అమృతం పరీక్ష రాస్తోంది. మూడు గంటలు రాసి, వేళ్ళు విరుచుకుంటూ బయటికొచ్చి ఫోన్ చూస్తే సుబ్బరాజు నుంచి పద్నాలుగు మిస్డ్ కాల్స్. ఏమైందోనని హడలిపోతూ ఫోన్ చేసింది.

"అమృతం గారూ! వచ్చిందండీ!" అని అవతలినుంచి కేక. "వెబ్‌సైటులో మన పొలం పేరేసేరండి. పెద్దక్షరాలండి. మా ఆవిడ ఫోటో తీసి భీమవరం అంతా పంపేసిందండి."

పందొమ్మిదిలో పద్నాలుగు మంజూరయ్యాయి. రాని అయిదింటికీ కారణాలు ఒక్కో వాక్యంలో రాసి పంపారు. వాటిని సరిచేసి మళ్ళీ వేయడానికి అయిదుగురూ అప్పుడే అమృతానికి మెసేజీలు పెట్టేశారు. ఆమె యూని గడ్డి మీద కూలబడి, డైనోసార్ సంచీకి ఆనుకుని, ఒక్కో మెసేజీకీ జవాబిచ్చింది. చుట్టూ పరీక్ష అయిపోయిన పిల్లలు కేరింతలు కొడుతున్నారు. వాళ్ళలో ఒకడు ఐస్‌క్రీం పెట్టె తెచ్చి ఆమె చేతిలోనూ ఒకటి పెట్టాడు.

కొత్త సంవత్సరం రెండో నెలలో సుబ్బరాజు పొలంలో మిగతా సగానికి డ్రిప్పు పైపులు పడ్డాయి. నీళ్ళు వదిలే రోజు ఫ్రాంక్ వచ్చాడు, మారియా వచ్చింది, అమృతం కుటుంబమంతా వెళ్ళింది. కవాటం తానే తిప్పుతానని మారియా పట్టుబట్టింది. పైపుల అతుకులు సరిగ్గా బిగించారా అని అడిగింది. బ్రహ్మాండంగా బిగించానన్నాడు సుబ్బరాజు. ఆమె తిప్పింది. పాలీహౌసులో గోంగూర మొదళ్ళ దగ్గర చుక్క చుక్కగా నీళ్ళు రాలసాగాయి. అందరూ చప్పట్లు కొట్టేలోగా ఒక అతుకు ఊడి, చర్చికి వేసుకునే తెల్లచొక్కాలో ఉన్న శౌరయ్య మీద నిలువెత్తున నీళ్ళు చిమ్మాయి. మారియా కవాటం కట్టేయలేదు. నవ్వు ఆపుకోలేక దాన్నే పట్టుకుని వంగిపోయింది.

వెళ్ళేటప్పుడు సుబ్బరాజు ఒక్కొక్కరికీ నాలుగేసి గోంగూర కట్టలు ఇచ్చాడు. వీటినేం చేయాలని మారియా అడిగితే, అమృతం పప్పులో ఎలా వేస్తారో వివరంగా చెప్పింది. మర్నాడు రెండో ఏడాది మొదటి క్లాసుకి బయలుదేరుతుంటే మారియా ఫోన్ చేసింది. పప్పు లేదట, పాస్తాలో వేసిందట. పుల్లగా ఉందని మనవలు మొదట మొహం చిట్లించి, తర్వాత గిన్నె నాకేశారట. ఇంకో నాలుగు కట్టలు కావాలట.

"సుబ్బరాజు నంబరు పంపిస్తా," అంది అమృతం, ఒక చేత్తో సంచీ జిప్పు లాగుతూ. "నాకు తొమ్మిదింటికి క్లాసు."